కాటా గదికి గాజు, టేబుల్ దాకా రాగి

ఈ వారం మెయిల్ గుంటూరు నుంచి. రాసినావిడ మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. ప్రింటర్ మొరాయించినా, వైఫై రాకపోయినా, సీసీ కెమెరా స్క్రీన్ నల్లబడినా అందరూ ఈవిడ టేబుల్ దగ్గరికే వస్తారట. అంటే జీతం అకౌంట్స్‌కి, పని మాత్రం సిస్టమ్స్‌కి కూడా. ఇలాంటి వాళ్లు ప్రతి ఆఫీసులో ఒకరుంటారు. ఈ కాలమ్ చదివేవాళ్లలో సగం మంది వాళ్లేనని నా అనుమానం.

విషయం ఏంటంటే, వాళ్లు కొత్తగా రెండంతస్తుల ఆఫీసు కట్టుకున్నారు. 14 కంప్యూటర్లు, 16 కెమెరాలు, మూడు చోట్ల వైఫై. గేటు పక్కన లారీలు తూచే వేబ్రిడ్జి ఉంది, అక్కడ చిన్న కాటా గది. ఆఫీసు నుంచి కాటా గదికి కేబుల్ వెళ్లే దారిలో కొలిస్తే 180 మీటర్లు. లారీ కాటా ఎక్కగానే బరువు నేరుగా ఆఫీసు సిస్టమ్‌లో పడాలి.

దీనికి రెండు కొటేషన్లు వచ్చాయి. మొదటాయన 'ఫుల్ ఫైబర్' అన్నాడు. ప్రతి టేబుల్‌కీ ఫైబరే, ఇంక 20 ఏళ్లు తిరిగి చూడక్కర్లేదట. రెండో ఆయనది మొత్తం క్యాట్ 6, అంటే రాగి కేబుల్. కాటా గది దాకా కూడా అదే లాగుతాడు, మధ్యలో ఒక స్తంభానికి డబ్బా కట్టి అందులో స్విచ్ పెడతాడు. రేటు మొదటి దానిలో సగం కన్నా తక్కువ. ఓనర్ గారు రెండు కాగితాలూ ఈవిడ చేతిలో పెట్టి, "నీకు కంప్యూటర్లు తెలుసు కదమ్మా, నువ్వే చూసి చెప్పు" అన్నారట.

"నేను చెప్పింది తప్పయితే సీజన్‌లో లారీలు గేటు బయట నిలబడిపోతాయి సార్. అప్పుడు అందరూ నావైపే చూస్తారు" అని రాశారు. ఆ భయం అర్థమైంది. అందుకే జవాబు ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత.

రెండూ వెనక్కి ఇచ్చేయండి. కాటా గదికి ఫైబర్, ఆఫీసు లోపల ప్రతి టేబుల్‌కీ రాగి. మొదటాయన లోపల తప్పు చేశాడు, రెండో ఆయన బయట తప్పు చేశాడు.

మా ఇంటికే ఫైబర్ వచ్చింది కదా?

ఇప్పుడు చాలా ఇళ్లకు ఫైబర్ నెట్ ఉంది. ఆంధ్రలో కరెంటు స్తంభాల మీదుగా ఊళ్లకు ఫైబర్ లాగారు, తెలంగాణలో టీ ఫైబర్ పేరు విన్నాం, ప్రైవేటు కంపెనీలు సరే సరి. దాంతో 'ఫైబర్ అంటే కొత్తది, రాగి అంటే పాతది' అని బుర్రలో పడిపోయింది. కానీ మీ ఇంట్లోనే ఒకసారి చూడండి. గోడలోంచి వచ్చిన ఆ సన్నటి కేబుల్ ఎక్కడ ఆగింది? తెల్ల డబ్బా దగ్గర. అక్కడి నుంచి టీవీకో డెస్క్‌టాప్‌కో వెళ్లేది రాగి కేబులే, లేదంటే వైఫై. ఇంటిదాకా దూరం మోసుకొచ్చింది గాజు, చివరి పది అడుగులు పని చేసేది వేరేది. ఆఫీసులో కూడా లెక్క అదే.

ఇంకో మాట కూడా తీసేద్దాం. 'ఫైబర్‌లో వెళ్లేది వెలుగు, వెలుగు ఫాస్ట్ కదా, అందుకే ఫైబర్ ఫాస్ట్.' వినడానికి బానే ఉంది. కానీ గాజులోకి దూరాక వెలుగు తన వేగంలో దాదాపు మూడో వంతు పోగొట్టుకుంటుంది. సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే వెళ్తుంది. మంచి క్యాట్ 6 కేబుల్‌లో సిగ్నల్ పరుగు కూడా ఇంచుమించు అంతే. తేడా ఎక్కడంటే, రాగిలో దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ నీరసిస్తుంది. సెకనుకు ఎక్కువ డేటా పంపాలని చూస్తే ఆ నీరసం ఇంకా ముందే వస్తుంది. పక్క జతల్లోని సిగ్నల్ కూడా కలిసి గోల పెడుతుంది. గాజులో ఈ రెండు బాధలూ చాలా తక్కువ. కాబట్టి ఫైబర్ గొప్పతనం కిలోమీటర్ల దూరంలో కనిపిస్తుంది. పదిహేను మీటర్ల హాల్లో అది చూపించుకోవడానికి చోటే లేదు.

లెక్క వేసి చూద్దాం

మీ 14 కంప్యూటర్లలో ఏం నడుస్తుంది? ట్యాలీ, ఎక్సెల్, మెయిల్, బ్యాంకు సైట్లు, అప్పుడప్పుడు వీడియో కాల్. ఒక హెచ్‌డీ వీడియో కాల్‌కి 4 ఎంబీపీఎస్ ఉంటే హాయిగా నడుస్తుంది. 16 కెమెరాలకు ఒక్కోదానికి 4 ఎంబీపీఎస్ వేసుకున్నా మొత్తం 64. మామూలు క్యాట్ 6 ఒక్క వైరు 100 మీటర్ల దాకా సెకనుకు 1 గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ మోస్తుంది. ఫైళ్ల భాషలో సెకనుకు 125 ఎంబీ. పాత హార్డ్ డిస్కులు ఇంచుమించు ఆ వేగంతోనే చదువుతాయి. అంటే మీ టేబుల్ దగ్గర ఇరుకు కేబుల్‌లో లేదు.

ఇంటర్నెట్ ప్లాన్ 200 ఎంబీపీఎస్ అయితే, లోపల గాజు వేసినా బంగారు తీగ వేసినా బయటి నుంచి వచ్చేది 200 మాత్రమే. ఇది ఎంత చెప్పినా ఓనర్లు నమ్మరు, అది వేరే సంగతి.

ట్యాలీ నెమ్మదిగా తెరుచుకుంటోందా? కేబుల్‌ని తిట్టే ముందు డేటా ఉన్న కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌డీ ఉందో, పాత డిస్క్ ఉందో చూడండి. తర్వాత విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ ఎంత చూపిస్తోందో చూడండి. 1000 ఉండాల్సిన చోట 100 చూపిస్తోందంటే అక్కడ దొంగ దొరికినట్టే. క్యాట్ 6 లోపల నాలుగు జతల వైర్లుంటాయి. గిగాబిట్‌కి నాలుగూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. ఎక్కడో ఒక వైరు తెగినా, క్రింపింగ్ సరిగ్గా పడకపోయినా కంప్యూటర్ చడీచప్పుడు లేకుండా వందకి దిగిపోతుంది. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. ఏళ్ల తరబడి ఇలా పదో వంతు స్పీడ్‌తో నడిచే ఆఫీసులు బోలెడు. చెవి కనెక్టర్ మారిస్తే పోయేదానికి 'మొత్తం ఫైబర్ వేయించండి' అని సలహా ఇచ్చేవాళ్లు కూడా బోలెడు.

గాజు మోయలేనిది ఒకటుంది

అది కరెంటు. రాగి కేబుల్‌లో డేటాతో పాటే కరెంటు కూడా పంపొచ్చు. దీన్నే పీఓఈ అంటారు. 2003లో వచ్చిన మొదటి స్టాండర్డ్‌లో స్విచ్ ఒక పోర్టుకి 15.4 వాట్లు ఇవ్వగలదు, 2009లో అది 30 అయ్యింది, 2018లో 90 దాకా వెళ్లింది. కదలకుండా ఒకేవైపు చూసే మామూలు కెమెరాకి మొదటి రకమే చాలు. సీలింగ్ మీద వైఫై పెట్టాలంటే ఒక్క కేబుల్ లాగితే అయిపోయింది. పక్కన ప్లగ్గు పాయింట్ అక్కర్లేదు, ఎలక్ట్రీషియన్ అన్న కోసం రెండు రోజులు ఎదురుచూడక్కర్లేదు. ఇంకో లాభం, ర్యాక్ దగ్గర ఒక్క యూపీఎస్ పెడితే కరెంటు పోయినా కెమెరాలన్నీ నడుస్తూనే ఉంటాయి.

ఇప్పుడు 'ఫుల్ ఫైబర్' కొటేషన్‌లో ప్రతి కెమెరా దగ్గర ఏం జరుగుతుందో ఊహించుకోండి. ఫైబర్ వస్తుంది, దాన్ని మళ్లీ రాగిలోకి మార్చే చిన్న డబ్బా కావాలి, ఆ డబ్బాకి ఒక అడాప్టర్, అడాప్టర్‌కి ఒక ప్లగ్గు, కెమెరాకి ఇంకో అడాప్టర్. టేబుల్ దగ్గరా అంతే, ఎందుకంటే మీ కంప్యూటర్ వెనక ఉన్న పోర్టు రాగి కేబుల్‌దే. 14 టేబుళ్లకు 14 డబ్బాలు, 14 అడాప్టర్లు. సర్వీసు చేసేవాళ్లకు ఏది ముందు చెడిపోతుందో తెలుసు. కేబుల్ చెడిపోదు, అడాప్టర్ చెడిపోతుంది. స్వీపర్ అమ్మ చీపురు తగిలినా ఊడిపోతుంది.

పైగా మీది మిర్చి గోడౌన్. సింగిల్ మోడ్ ఫైబర్‌లో వెలుగు వెళ్లే దారి 9 మైక్రాన్ల వెడల్పు, మన వెంట్రుకలో పదో వంతు కూడా ఉండదేమో. ఫైబర్ లింకుల్లో తరచూ వచ్చే బాధ కొన మీద చేరే దుమ్ము. ఘాటుకి దగ్గు ఆగని చోట, ఎర్రటి పొడి గాల్లో తేలే చోట, రోజూ ఎవరో ఒకరు పీకి పెట్టే కొనలు 14 పెట్టుకోవడం నాకు నచ్చదు. ఆర్జే 45 పిన్నుకి దుమ్ము పడితే ఊది మళ్లీ పెడతాం. ఫైబర్ కొనని నోటితో ఊదితే నోటి తడి అంటుకుని పని ఇంకా చెడుతుంది.

కానీ కాటా గది సంగతి వేరు

రెండో కొటేషన్‌లో నాకు నిజంగా భయం వేసింది ఆ స్తంభం మీది డబ్బా చూసే.

రాగికి హద్దు 100 మీటర్లు. గోడల్లోంచి, పైపుల్లోంచి వెళ్లే శాశ్వతమైన కేబుల్ 90 మీటర్లు, రెండు కొసల దగ్గరా వాడే చిన్న ప్యాచ్ కార్డులకు కలిపి ఇంకో 10. "మేం 130 లాగాం, బ్రహ్మాండంగా నడుస్తోంది" అనేవాళ్లు కనిపిస్తారు. నడవొచ్చు కూడా. కానీ అంత దూరానికి ఏ స్టాండర్డూ హామీ ఇవ్వదు. ఎండకి కేబుల్ వేడెక్కినప్పుడు సిగ్నల్ ఇంకా నీరసిస్తుంది. మార్చిలో బానే ఉన్నది మే నెలలో ఎందుకు మొరాయిస్తోందో మీకు అంతుపట్టదు.

180 మీటర్లకి మధ్యలో స్విచ్ పెడతాం అంటే కాగితం మీద కుదురుతుంది. కానీ ఆ డబ్బాకి కరెంటు కావాలి. గుంటూరు మే ఎండలో మూసిన ఇనప డబ్బా లోపల ఏసీ ఉండదు. చీమలు వస్తాయి, బల్లులు వస్తాయి, మొదటి వానకి నీళ్లు వస్తాయి. ఆ స్విచ్ ఆగితే కాటా ఆగుతుంది. రాత్రి పదింటికి నిచ్చెన వేసుకుని ఎవరు ఎక్కుతారో కొటేషన్‌లో రాయలేదు.

ఇదంతా ఒక ఎత్తు, పిడుగులు ఒక ఎత్తు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 సార్లు పిడుగు మెరుపులు నమోదైనట్టు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ లెక్క చెప్పింది. ఒక్కరోజు లెక్క అది. ఏప్రిల్, మే నెలల్లోనే మీకు మిర్చి సీజన్ కూడా.

పిడుగు నేరుగా మీ కేబుల్ మీద పడక్కర్లేదు. దగ్గర్లో ఎక్కడ పడినా ఆ చుట్టూ నేలలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగురుతుంది. ఆఫీసు ఎర్తింగ్ ఒకచోట, కాటా గది ఎర్తింగ్ ఇంకోచోట. రెండు చోట్లా ఎగురుడు ఒకేలా ఉండదు. ఆ క్షణంలో రెండు ఎర్తింగుల మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది. దాన్ని సమం చేసుకోవడానికి ప్రకృతికి ఒక దారి కావాలి. మీరు ఓపిగ్గా లాగిన రాగి కేబులే ఆ దారి. నెట్‌వర్క్ పోర్టు లోపల కరెంటుని అడ్డుకునే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి నిజమే, కానీ అవి తట్టుకునేది 1500 వోల్టుల వరకు. పిడుగు ముందు అది గొడుగు అడ్డం పెట్టినట్టే. అలా పోయినప్పుడు ఒక్క పోర్టుతో ఆగదు. కాటా కంప్యూటర్, స్విచ్, ఒక్కోసారి ఆఫీసులో ఆ స్విచ్‌కి తగిలించిన కెమెరా రికార్డర్ కూడా పోతుంది.

గాజులో కరెంటు వెళ్లదు. రెండు భవనాల మధ్య ఫైబర్ వేయమనడానికి స్పీడ్ కన్నా ఇదే పెద్ద కారణం. కాటా నుంచి వచ్చే బరువు అంకె కొన్ని అక్షరాలే, అక్కడి నాలుగు కెమెరాలు కలిపినా 16 ఎంబీపీఎస్. స్పీడ్ పరంగా చూస్తే ఫైబర్ దండగే అనిపిస్తుంది. అయినా అక్కడ ఫైబరే వేయించండి.

ఒక చిక్కు ఉంది. గోడౌన్ అంటే ఎలుకలు, పందికొక్కులు. వాటికి భయపడి ఇనుప రేకు చుట్టిన ఆర్మర్డ్ ఫైబర్ వేస్తారు. రేకు ఇనుమే కదా, దానిలో కరెంటు శుభ్రంగా వెళ్తుంది! ఆ రేకుని తిన్నగా ర్యాక్ దాకా తెచ్చి వదిలేస్తే ఫైబర్ వేసిన పుణ్యం సగం పోతుంది. ఆర్మర్డ్ వేస్తే రేకుని బయటి జాయింట్ బాక్స్ దగ్గరే ఆపి ఎర్తింగ్‌కి కలపమనండి. లేదా అసలు లోహమే లేని ఫైబర్ తీసుకుని భూమిలో మందపాటి హెచ్‌డీపీఈ పైపులో వేయించండి. లారీలు తిరిగే చోట ఎలాగూ పైపు తప్పదు కాబట్టి నా ఓటు రెండో దానికే. ఇంకోటి, ఫైబర్ డేటా దారిని మాత్రమే కాపాడుతుంది. కాటా గదికి వచ్చే కరెంటు లైన్‌లోంచి సర్జ్ రాకుండా ఉండదు. అక్కడ మంచి ఎర్తింగ్, సర్జ్ ప్రొటెక్టర్, ఒక యూపీఎస్ వేరేగా ఉండాల్సిందే.

ఏ ఫైబర్ అని అడుగుతాడు

సింగిల్ మోడ్ అనండి. మల్టీ మోడ్ కూడా ఉంటుంది, లోపలి దారి 50 మైక్రాన్లు. దానిలో ఓఎం3 రకం 10 గిగాబిట్‌ని 300 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. పాత 62.5 మైక్రాన్ల రకం అయితే అదే స్పీడ్‌కి 33 మీటర్లలోనే చేతులెత్తేస్తుంది. సింగిల్ మోడ్‌కి 10 గిగాబిట్ అయినా 10 కిలోమీటర్లు లెక్క కాదు. ఒకప్పుడు సింగిల్ మోడ్ మాడ్యూళ్లు ఖరీదు కాబట్టి ఆఫీసుల్లో మల్టీ మోడ్ వేసేవాళ్లు. ఇంటింటికీ ఫైబర్ వచ్చాక సింగిల్ మోడ్ సామాను సందుకో షాపులో దొరుకుతోంది. మీటరు లెక్కన చూస్తే మంచి క్యాట్ 6 కన్నా ఫైబరే చవక పడటం కూడా మామూలే. ఖర్చంతా రెండు కొసల దగ్గర ఉంటుంది. అతికించే కూలీ, బాక్సులు, మాడ్యూళ్లు. మీకు ఉన్నవి రెండే కొసలు. ఫుల్ ఫైబర్ ఆయనకి ఎన్ని కొసలు వస్తాయో లెక్కపెట్టుకోండి, ఆ రేటు ఎందుకంతో తెలిసిపోతుంది.

కనీసం ఆరు కోర్ల కేబుల్ వేయించండి. ఇప్పుడు వాడేది రెండే. మిగతా నాలుగూ పడి ఉంటాయి, కానీ గుంత తవ్వే ఖర్చు ఒక్కసారే. రేపు ఒక కోర్ పోయినా, కాటా పక్కన ఇంకో షెడ్డు లేచినా పక్క కోర్ వాడుకోవచ్చు. ఆరూ రెండు కొసలా అతికించి వదలమనండి, 'కావాల్సినప్పుడు వచ్చి వేస్తా' అంటే ఒప్పుకోవద్దు.

అతికించేవాళ్లు ఎక్కడ దొరుకుతారని మీరు అడిగారు. మీ ఊరి కేబుల్ టీవీ అన్నని అడగండి. వాళ్ల దగ్గర స్ప్లైసింగ్ మెషిన్ ఉన్న కుర్రాళ్లు ఉంటారు, రోడ్డు పక్కన గొడుగు కింద కూర్చుని నిమిషాల్లో రెండు గాజు పోగుల్ని కలిపేస్తారు. మీకు కావాల్సింది ఒక పూట పని. కాకపోతే ఇంటి ఫైబర్‌లో వాడేది ఆకుపచ్చ కొన కనెక్టర్, స్విచ్ మాడ్యూళ్లలో ఎక్కువగా నీలం కొన. ఈ రెండూ కొస చెక్కిన తీరే వేరు, ఒకదానికొకటి తగిలించకూడదు. ఆ తమ్ముడికి ఆకుపచ్చ అలవాటు, కాబట్టి ముందే చెప్పండి.

పని అయ్యాక పవర్ మీటర్ పెట్టి చూపించమనండి. 180 మీటర్ల గాజులో పోయేది దాదాపు ఏమీ ఉండదు, పోయేదల్లా జాయింట్లలో, కనెక్టర్లలో. పంపిన వెలుగుకి, అందిన వెలుగుకి తేడా 2 డెసిబెల్ లోపే రావాలి. ఐదో, ఆరో వస్తే ఎక్కడో కొస మురికిగా ఉంది, లేదా కేబుల్ ఎక్కడో మరీ మడత పడింది. 'లింకు లైటు వెలిగింది కదా మేడం' అంటే కుదరదు. కొసలోకి కన్ను పెట్టి మాత్రం చూడొద్దు. ఆ వెలుగు కంటికి కనపడదు కానీ లేజరే.

అసలు మోసం రాగిలోనే

రాగి చాలు అన్నాను కదా అని రెండో కొటేషన్‌లో లోపలి భాగాన్ని కళ్లు మూసుకుని ఒప్పుకోకండి. అందులో కేబుల్ పేరు 'క్యాట్ 6, 305 మీటర్ల బాక్స్' అని మాత్రమే ఉంది. ఏ లోహమో రాయలేదు.

మార్కెట్‌లో సీసీఏ అని ఒక రకం ఉంది. లోపల అల్యూమినియం, పైన రాగి పూత. పైకి చూస్తే అచ్చం రాగే. స్టాండర్డ్ ప్రకారం అది క్యాట్ 6 అనిపించుకోవడానికే పనికిరాదు, కానీ బాక్స్ మీద దర్జాగా అచ్చు వేస్తారు. దీని నిరోధం అసలు రాగికి ఒకటిన్నర రెట్లు. డేటా మటుకు కొద్ది దూరం బానే వెళ్తుంది, కాబట్టి మొదటి నెల ఏమీ తెలియదు. కానీ పీఓఈ మీద కెమెరా పెట్టారనుకోండి, నిరోధం ఎక్కువ కాబట్టి కరెంటు దారిలోనే వేడిగా పోతుంది. దూరంలో ఉన్న కెమెరా రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. పగలు బానే ఉంటుంది. 'కెమెరా పోయింది సార్, కొత్తది వేద్దాం' అంటారు. కొత్తదీ అంతే చేస్తుంది. పది కేబుళ్లు కట్టగా కట్టి పైపులో దూర్చిన చోట ఆ వేడి ఇంకా మంచిది కాదు. అల్యూమినియం రెండు మూడు సార్లు వంచితే పుటుక్కున తెగుతుంది కూడా. గోడ లోపల తెగితే ఏం చేస్తారు?

పట్టుకోవడం కష్టమేం కాదు. ఒక వైరు కొస తీసుకుని బ్లేడుతో గీకండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే సీసీఏ. అయస్కాంతం అంటుకుంటే ఇనుము మీద రాగి పూత, అది ఇంకా ఘోరం. అసలు రాగి బాక్స్ ఎత్తితే చేయి లాగుతుంది, సీసీఏ తేలిగ్గా ఉంటుంది. ఇది షాపులోనే, డబ్బు ఇవ్వకముందే చేయండి. షాపాయన మొహం మాడ్చుకుంటే జవాబు దొరికినట్టే.

కొటేషన్‌లో 'ప్యూర్ కాపర్, 23 గేజ్' అని రాయించండి. గేజ్ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, తికమక పడొద్దు. పని అయ్యాక ఎనిమిది లైట్లు వెలిగే చిన్న టెస్టర్ చూపించి 'అన్నీ ఓకే' అంటారు. అది వైర్లు తెగలేదని మాత్రమే చెబుతుంది, గిగాబిట్ మోస్తుందో లేదో దానికి తెలియదు. సర్టిఫికేషన్ టెస్టర్ మీ ఊళ్లో అద్దెకి దొరికితే సరే. దొరక్కపోతే ప్రతి పాయింట్‌కీ ఒక ల్యాప్‌టాప్ తగిలించి లింక్ స్పీడ్ 1000 చూపిస్తోందా అని మీరే చూడండి, ఆ తర్వాత ఒక 5 జీబీ ఫైల్ కాపీ చేసి చూడండి. నిమిషంలోపు అయిపోవాలి.

క్యాట్ 6ఏ వేయమంటారా అని కూడా అడిగారు. అది 10 గిగాబిట్‌ని పూర్తి 100 మీటర్లు మోస్తుంది, క్యాట్ 6 అయితే 55 మీటర్ల దాకా. మీ రెండంతస్తుల ఆఫీసులో 55 దాటే పాయింట్ ఎన్ని ఉంటాయి? పైగా 6ఏ లావుగా, బిగుసుగా ఉంటుంది, మీ మేస్త్రీ ఇప్పటికే వేసిన సన్న పైపుల్లో దూరదు. కొత్త వైఫై డబ్బాలు అడిగే 2.5 గిగాబిట్‌ని మామూలు క్యాట్ 6 అవలీలగా మోస్తుంది. కాబట్టి క్యాట్ 6 చాలు. ఆన్‌లైన్‌లో గేమింగ్ కోసం అని అమ్మే క్యాట్ 8 బొత్తిగా వద్దు. అది డేటా సెంటర్లలో 30 మీటర్ల లోపు వాడటానికి పుట్టింది. పింగ్ ఏమీ తగ్గదు.

పైకీ కిందికీ మధ్య కూడా మీకు ఫైబర్ అక్కర్లేదు. భవనం ఒకటే, ఎర్తింగ్ ఒకటే, దూరం తక్కువ. అన్ని కేబుళ్లూ ఒకే ర్యాక్‌కి రానివ్వండి. పది అంతస్తుల హైదరాబాద్ ఆఫీసు అయితే వేరే మాట చెప్పేవాణ్ని. అక్కడ అంతస్తుకో స్విచ్ ఉంటుంది, అంతస్తుల మధ్య ఫైబరే నడవాలి. వీడియో ఎడిటింగ్ స్టూడియో అయితే టేబుల్ దాకా కూడా ఫైబర్ అనేవాణ్నేమో. 4కే ఫుటేజ్ సర్వర్ మీద పెట్టుకుని నలుగురు ఒకేసారి కట్ చేస్తుంటే 1 గిగాబిట్ ఏ మూలకీ చాలదు. వాళ్ల బాధ వాళ్లది, మీరు ఆ ఖర్చు మోయొద్దు.

మీ స్టోరేజీలో కంప్రెసర్ గది ఉంటుంది కదా, దాని పెద్ద మోటార్ల కరెంటు కేబుళ్ల పక్కనే, ఒకే పైపులో, నెట్‌వర్క్ రాగి కేబుల్ నడిపించొద్దని చెప్పండి. ఎక్కడైనా దాటాల్సి వస్తే అడ్డంగా, ఎల్ ఆకారంలో దాటాలి. మన ఎలక్ట్రీషియన్లు పైపు ఆదా అని రెండూ కలిపి లాగేస్తారు, అక్కడ మీరు నిలబడి ఉండాల్సిందే.

ఓనర్ గారికి చెప్పేటప్పుడు ఈ టెక్నికల్ మాటలన్నీ అక్కర్లేదు. 'ఫుల్ ఫైబర్‌లో 14 టేబుళ్లకు పెట్టే డబ్బు మిగులుతుంది, అందులో కొంత కాటాకి ఫైబర్‌కి, కొంత రాగి కేబుల్ నాణ్యతకి పెడదాం' అనండి. మూడో కొటేషన్ రెండో దానికన్నా కొంచెం ఎక్కువ, మొదటి దానికన్నా చాలా తక్కువ రావాలి. దానిలో ఇవి రాతపూర్వకంగా ఉన్నాయో లేదో చూసుకోండి. రెండు కొసల్లోనూ ఎస్‌ఎఫ్‌పీ పోర్టు ఉన్న గిగాబిట్ స్విచ్‌లు, అందులో ఆఫీసుదీ కాటాదీ రెండూ పీఓఈ ఇచ్చేవే. సింగిల్ మోడ్ ఆరు కోర్లు, లోహం లేనిది, హెచ్‌డీపీఈ పైపులో. ప్యూర్ కాపర్ క్యాట్ 6. ప్రతి కేబుల్‌కీ రెండు కొసలా ఒకే నంబరు రాసిన లేబుల్. ఒక మాడ్యూల్ జత స్పేర్‌గా మీ టేబుల్ సొరుగులో.

గుంత పూడ్చే ముందు ఆ పైపులో ఒక నైలాన్ తాడు కూడా వేసి వదలమనండి, రేపు ఇంకో కేబుల్ లాగాలంటే మళ్లీ తవ్వక్కర్లేదు. పూడ్చేలోపు ఫోన్‌తో దారి పొడవునా నాలుగు ఫోటోలు తీసి పెట్టుకోండి. ఏదో ఒకరోజు జేసీబీ వస్తుంది, పైపు ఎక్కడుందని అందరూ మీ టేబుల్ దగ్గరికే వస్తారు.